"అంతా ఓకే సార్" అంటే నేను నమ్మ

ఆగస్టు వచ్చిందంటే మా డిపార్ట్‌మెంట్ల తెలుగు వినపడుడు షురూ అయితది. నేను పనిచేసేది అమెరికాల మొక్కజొన్న చేన్ల నడుమ ఉన్న ఒక స్టేట్ యూనివర్సిటీల, సివిల్ ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్, నీళ్ల మీద రీసెర్చ్ చేయిస్త, క్లాసులు చెప్త. ప్రతి ఫాల్‌కు నలుగురైదుగురన్న మనదిక్కు పిల్లలు దిగుతరు, దేవరకొండ, మిర్యాలగూడ, కల్వకుర్తి, జడ్చర్ల. ఎట్లుంది, క్లాసులు అర్థమైతున్నయా, రూం దొరికిందా అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు, "అంతా ఓకే సార్". మిడ్‌టర్మ్‌ల ఫెయిలైనోడు గూడ అదే అంటడు, ఫీజు కట్టనీకె పైసలు లేనోడు గూడ అదే అంటడు.

పిల్లల తప్పు కాదది. మన దగ్గర సారు అడిగిండంటే ఏదో ఒకటి చెప్పి బయటపడాలె గాని ఉన్నది చెప్పొద్దు అని స్కూల్‌కెళ్లే నేర్చుకుంటం. డౌట్ అడిగితే "ఇంతసేపు ఏం విన్నవ్ రా" అని నిలబెడ్తరు, ఎవడు అడుగుతడు? నేను బీటెక్ చదివిన కాలేజీల గూడ మెంటర్ అని ఒక సారు ఉండె, ఇరవై మందికి ఒకరు, ఒక రిజిస్టర్. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ టీం వస్తుందంటే రెండు రోజుల ముంగట అందరం లైన్ల నిలబడి సంవత్సరం మొత్తం సంతకాలు ఒక్కనాడే పెట్టినం, సంతకాలు ఒక్కతీరుగ కనపడొద్దని పెన్నులు మార్చుకొని మరీ. మెంటర్ రిమార్క్స్ కాడ అందరికీ "గుడ్, నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్" అని రాసి ఉండె. రెండూ ఒకటేసారి ఎట్లయితయో ఇప్పటికీ అర్థం కాదు. అప్పటికి నల్లగొండల యూనివర్సిటీ గూడ లేదు, మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007ల, పాలమూరు యూనివర్సిటీ 2008ల వచ్చినయ్, రీసెర్చ్ చేసే మనిషిని దగ్గరికెళ్లి చూసుడు మాకు హైదరాబాద్ పోతేనే.

ఇక్కడ పీహెచ్‌డీల నా అడ్వైజర్ ఒక పెద్దామె. వారం వారం అరగంట మీటింగ్, పండగైనా డెడ్‌లైనైనా తప్పేది కాదు. నేను అయిన పనులన్నీ మంచిగ లిస్టు రాసుకొని పోయేటోన్ని, ఆమె ఆ లిస్టు చూడనే చూడకపోయేది, కూసోంగనే "ఈ వారం ఏది పని చెయ్యలే?" అనేది. మొదట్ల తిడ్తదేమో అనుకున్న. తిట్టలే, పెన్ను తీస్కొని రాసుకున్నది. కొన్ని వారాలైనంక నా నోట్‌బుక్కే మారిపోయింది, చెడిపోయిన శాంపుల్, ఆగిపోయిన పంపు, లెక్క కలవని రీడింగు అన్నీ రాసుకునుడు అలవాటైంది, ఎందుకంటే అడిగేది అవే గదా. ఆమె మహా ప్రేమగల్ల మనిషేం కాదు, బర్త్‌డేలు గిర్త్‌డేలు గుర్తు పెట్టుకోదు, గాని ఆ అరగంట మాత్రం ఇచ్చేది. మెంటరింగ్ అంటే మంచి మనసు కావాలె, స్ఫూర్తి ఇవ్వాలె అని స్పీచులు ఇస్తరు, నాకైతే క్యాలెండర్ల అరగంట, అడగాల్సిన ప్రశ్న ఈ రెండే కనపడ్తయ్.

ఇప్పుడైతే ఇది కాగితం మీదికి గూడ వచ్చింది. రీసెర్చ్‌కు పైసలిచ్చే అమెరికా సర్కారు సంస్థ ఎన్ఎస్ఎఫ్ గ్రాంటుకు అప్లై చేస్తే పోస్ట్‌డాక్‌లను, అంటే పీహెచ్‌డీ అయినంక రీసెర్చ్ చేసేటోళ్లను, ఎట్ల మెంటర్ చేస్తవో రాసియ్యాలె అని ఎప్పటికెళ్లో ఉండె, 2024 మే నుంచి ఆ డబ్బుల మీద చదివే గ్రాడ్యుయేట్ స్టూడెంట్లకు గూడ రాయాలె, ఒక పేజీ దాటొద్దు. దాంతోపాటు ఆ స్టూడెంట్లకు ఐడీపీ అని ఒక ప్లాన్ ఉండాలె, ఏం నేర్చుకుంటడు, ముందు ఏం కావాలనుకుంటున్నడు అని, ఏడాదికోసారి తిరిగి చూసుకోవాలె. దీన్ని గూడ మా రిజిస్టర్ లెక్క నింపి పడేసేటోళ్లు ఇక్కడ లేరనుకోకుర్రి, ఉన్నరు. అయినా స్టూడెంట్ చేతుల ఒక కాగితం ఉంటే "సార్, ఇందుల రాసినం గదా" అనే హక్కు ఒకటి వస్తది, అది చిన్నదేం కాదు.

మొన్నటేడు మర్రిగూడ దిక్కుకెళ్లి ఒక పిల్లగాడు మాస్టర్స్‌కు వచ్చిండు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ సంగతి చెప్పాల్సిన పని లేదు, ఇప్పుడంటే కృష్ణా నీళ్లు నల్లాల వస్తున్నయ్ గాని వాళ్ల నాయనమ్మ బోరు నీళ్లు తాగి నడుము వంగిన మనిషి. వానికి థీసిస్ గూడ అదే ఇచ్చిన, నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే నల్లగొండ టెక్నిక్. 1970లల నాగపూర్ల నీరి అనే రీసెర్చ్ సంస్థ వాళ్లు తయారు చేసింది, నీళ్లల్ల పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, అడుగుకు పేరుకున్నంక వడగట్టుడు. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు ల్యాబ్‌ల కలిపి, పటిక ఏసి, ఎంత దిగిందో బఫర్ అనే ద్రావణం కలిపి ఎలక్ట్రోడ్‌తోని కొలవాలె. 1.5 కిందికి వస్తే తాగొచ్చని లెక్క. వాడు గ్రాఫ్ తెచ్చిండు, 0.3 దాక దిగింది, "అంతా ఓకే సార్".

ఎంత పటిక ఏసినవ్ అంటే చెప్పిండు. క్యాలిబ్రేషన్, అంటే ఎలక్ట్రోడ్ సరిగ్గ కొలుస్తుందా అనే పరీక్ష, చూసినవా అంటే చూపించిండు, స్లోపు 57 మిల్లీవోల్టులు, ఉండాల్సింది 59 దగ్గర, ఏం తప్పులేదు. తెలుగుల అడిగిన ఇగ, "ఏందిరా, ఇంత మంచిగ వస్తే నీకు నమ్మబుద్ధి అయితుందా?" జరసేపు నేలచూపులు చూసి "లేద్సార్, ఇంత తక్కువ రావద్దు, వారం కెళ్లి అదే ఆలోచిస్తున్న" అన్నడు. మరి ఎందుకు చెప్పలే? "బఫర్ బాటిల్ సీనియర్ కలిపింది సార్, దాన్ని తప్పని నేనెట్ల అంట."

వాడు పట్టుకున్నది కరెక్టే. పటికల ఉన్న అల్యూమినియం ఫ్లోరైడ్‌ను గట్టిగ పట్టుకుంటది, ఎలక్ట్రోడ్‌కేమో విడిగ ఉన్న ఫ్లోరైడే కనపడ్తది. ఆ పట్టు విడిపించనీకె బఫర్‌ల సీడీటీఏ అని ఒకటి కలపాలె, ఆ బాటిల్ల అది లేదు. క్యాలిబ్రేషన్ ద్రావణాలల్ల అల్యూమినియం ఉండదు గాబట్టి అక్కడ అంతా సాఫుగనే కనపడ్తది, శాంపుల్ పెడితేనే మోసం. సీడీటీఏ ఏసి మళ్ల కొలిస్తే 1.2 వచ్చింది. ఆ సీనియర్ చైనా పిల్ల, చెప్తే "అయ్యో, థాంక్స్" అని లేబుల్ మార్చింది, అంతే, ఇంత చిన్నదానికి వీడు వారం నిద్ర చెడగొట్టుకున్నడు. అందుకే రెండోసారి అడుగుత నేను, మొదటి ఓకే నాకు లెక్కల లేదు.

ఇక్కడ అంతా బంగారమని చెప్పను. పీహెచ్‌డీ స్టూడెంటుకు జీతం, ఫీజు, థీసిస్, రేపటి రికమెండేషన్ లెటరు అన్నీ ఒక్క అడ్వైజర్ చేతుల ఉంటయ్, ఫండింగ్ పోతే వీసాకు ఆధారమైన ఐ-20 కాగితం దాక పోతది గండం, అట్లాంటప్పుడు ఆ మనిషి ముంగటనే మనసు విప్పు అంటే ఎవడు విప్పుతడు? అందుకే పిల్లలకు చెప్త, థీసిస్ కమిటీల ఇంకో ప్రొఫెసర్‌ను పట్టుకోర్రి, నీ జీతం చేతుల లేనోడు ఒకడు ఉండాలె అని. థీసిస్ లేకుండ ఉత్త కోర్సులు చేసే మాస్టర్స్ పిల్లలకైతే అడ్వైజరే పేరుకు, ప్లాటు కాగితాలు బ్యాంకుల పెట్టి వచ్చినోళ్లు, క్యాంపస్‌ల వారానికి 20 గంటలే పని, డిగ్రీ అయినంక ఓపీటీ అని 12 నెలలు ఉద్యోగం చేసుకునే పర్మిషన్, స్టెమ్ (సైన్స్, ఇంజనీరింగ్ చదువు) గాబట్టి ఇంకో 24 నెలలు, ఆ గడియారమే చెవుల మోగుతుంటది. వాళ్లకు మెంటర్ అంటే రెఫరల్ ఇచ్చేటోడు. తప్పు పట్టను. గాని రెజ్యూమె చూడు సార్ అని వస్తే ప్రాజెక్టు గురించి ఒక్కటన్న అడిగి పంపుత, సగం మందికి వాళ్ల బీటెక్ ప్రాజెక్ట్ అమీర్‌పేటల కొన్నదే, మొఖం చూస్తేనే తెలుస్తది.

శనివారం పొద్దుగాల నల్లగొండ, మహబూబ్‌నగర్ పిల్లలతోని వీడియో కాల్ పెట్టుకుంట, మా దోస్తు ఒకడు అక్కడ లెక్చరర్, వాడు జమ చేస్తడు. ఎక్కువమంది అడిగేది ఏ యూనివర్సిటీ ర్యాంకు ఎంత అనే. జడ్చర్ల పక్కపల్లె పిల్ల ఒకామె మాత్రం ప్రొఫెసర్‌కు రాసిన మెయిల్ చూపించింది, "రెస్పెక్టెడ్ సర్, యువర్ ఎస్టీమ్డ్ యూనివర్సిటీ" అని మొదలుపెట్టి పేజీన్నర. అట్లాంటివి నాకే రోజూ వస్తయ్, రెండో లైన్ దాటి చదవ. ఆయన పేపర్ ఒకటి చదువు బిడ్డా, అర్థం కాని జాగ ఒకటి పట్టుకో, అది అడుగు, నువ్వెవరో రెండు లైన్లు రాయి, చాలు అన్న. "అర్థం కాలేదని రాస్తే తీసుకుంటరా సార్?" అన్నది. ఆయన పేపర్ చదివి, నీళ్లు వడగట్టినంక మిగిలే బురదను ఏం చేస్తరని అడిగి పంపింది. ఈ ఏడు ఫండింగ్ లేదన్నడాయన, గాని బురద గురించి ఆరు లైన్లు రాసి ఇంకో పేపర్ జత చేసిండు, అది చదువుతున్నదిప్పుడు.

నవంబర్ల ఇక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతరు, మా పొద్దుగాల ఎనిమిదికి అక్కడ రాత్రి ఏడున్నర అయితది, ఆ పిల్లకు ఊరి బస్సు దొరకదంట, అందుకే కాల్ మాకు శుక్రవారం రాత్రికి మార్చినం.