నాగజెముడు రసం ఏడు డాలర్లు

"నాన్నా, ఈ గురువారం ఎడారి ఊరు చూపిస్తా" అని మా అమ్మాయి అన్నప్పుడు నవ్వొచ్చింది. అనంతపురం వాడికి ఎడారి కొత్తగా చూపించాలా! వాళ్లుండేది అమెరికాలో, అరిజోనా రాష్ట్రపు ఛాండ్లర్‌లో. అక్కడి నుంచి స్కాట్స్‌డేల్ కారులో అరగంట. జూన్ నెల, నాలుగు గంటలకు కూడా 43 డిగ్రీలు. ఓల్డ్ టౌన్ వీధుల్లో మనిషి లేడు. హోటళ్ల ముందు పైపుల్లోంచి సన్నటి నీటి తుంపర చల్లుతున్నారు. అది ఒంటి మీద పడేలోపే ఆవిరైపోతోంది.

ఈ ఊరు తనను "పడమటి ఊళ్లన్నింట్లోకీ పడమటి ఊరు" అని చెప్పుకుంటుంది. చెక్క వసారాలు, గుర్రపు బొమ్మలు, తోలు టోపీల దుకాణాలు, అంతా కౌబాయ్ సరంజామానే. కానీ దీన్ని మొదలుపెట్టింది కౌబాయ్ కాదు. 1888లో విన్‌ఫీల్డ్ స్కాట్ అనే సైన్యపు మతబోధకుడు ఇక్కడ భూమి కొని నారింజ చెట్లు పెట్టాడు. అందుకే మొదట ఆరెంజ్‌డేల్ అనేవారట. కాలవ నీళ్లు, నారింజ తోటలు! మా చీనీ తోటల కథే కదా అనిపించింది. ఆ ముక్క ఏ బోర్డు మీదా పెద్దక్షరాల్లో కనపడలేదు. టోపీలు అమ్ముడుపోయినట్టు నారింజలు పోవు మరి.

ఎండకు తాళలేక పడమటి ప్రాంతపు మ్యూజియంలో దూరాం. జీనులు, రికాపులు, తుపాకీ ఒరలు. ఏసీ బాగుంది.

బయటికి రాగానే "ఇండియన్ జ్యువెలరీ" అన్న బోర్డు చూసి మా ఆవిడ ఆగింది. తనది ప్రొద్దుటూరు, నగల విషయంలో ఎవరి మాటా వినదు. లోపల అంతా వెండి, మధ్యలో ఆకాశం రంగు టర్కోయిస్ రాళ్లు. నవాహో అనే అమెరికా ఆదివాసీ తెగ పనివాళ్లు చేసినవట. ఒక జత కమ్మలు 180 డాలర్లు. "వెండికా ఇంత?" అని నావైపు తిరిగింది. అమ్మే ఆమె ఓపిగ్గా ఒక కాగితం తీసి చూపించింది, చేసినవాళ్ల పేరు, తెగ పేరు ఉన్నాయి. ఆదివాసులు చేయనిదాన్ని వాళ్లు చేసినట్టు అమ్మితే శిక్ష పడుతుందట, 1990లో చట్టం తెచ్చారు. "హాల్‌మార్క్ లాంటిదన్నమాట" అని మా ఆవిడ కాస్త మెత్తబడింది గానీ కొనలేదు.

ఆ తర్వాత ఓ ఫలహారశాలలో కూర్చున్నాం. మెనూలో ప్రిక్లీ పేర్ లెమనేడ్, ఏడు డాలర్లు. ఏమిటిదని అడిగితే అమ్మాయి కిటికీలోంచి బయటి మొక్కను చూపించింది. నాగజెముడు! మా చేను గట్టున కంచెకు నాటేవాళ్లం. దాని పండ్లకోసం ఎన్ని తన్నులు తిన్నానో. చేత్తో ముట్టుకోకూడదు, కంటికి కనపడని నూగు ముళ్లుంటాయి. పుల్లతో పొడిచి తెంపి, బండ మీద వేసి చెప్పుకాలితో దొర్లించేవాళ్లం. ముళ్లు రాలాక చీల్చుకుని తినడమే. నాలుక ఎర్రగా అయిపోయేది. బడి ఎగ్గొట్టి ఎక్కడ తిరిగామో అమ్మ అడిగే పని లేదు, నోరు తెరవమనేది, అంతే.

ఆరు వందల రూపాయలు పెట్టి నాగజెముడు తాగుతున్నానని తెలిస్తే అమ్మ ఏమనేదో! అయినా తెప్పించాను. గులాబీ రంగు, పైన నిమ్మచెక్క, గ్లాసు నిండా ఐసు. తియ్యగా ఉంది, అంతే.

సాయంత్రం గురువారపు ఆర్ట్‌వాక్‌లో గ్యాలరీలన్నీ తిరిగాం. ధర చీటీలు చూసి బొమ్మలకు దూరంగా నిలబడ్డాను. కాలవ మీద సోలెరీ వంతెన దగ్గర గాలి కాస్త చల్లబడింది. మర్నాడు చూసిన టాలియెసిన్ వెస్ట్, అంటే భవనశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఇక్కడ కట్టుకున్న ఇల్లు, దాని గురించి మా అల్లుడు రాస్తే బాగుంటుంది, అతను సివిల్ ఇంజినీరు.

వంతెన మీద మనవడి చేతిలోంచి ఫోన్ తీసుకుని, ముందు కెమెరా పెట్టమన్నాను. "ఎందుకు తాతా?" అన్నాడు. నాలుక బయటపెట్టి చూసుకున్నాను.

రంగు పడలేదు.