ముందు పళ్ళు ఊడిన పిల్ల కథ రాయబోయి

కిందటేడు మొదలుపెట్టిన కథ మొన్నటికి పూర్తయింది. పదకొండు పేజీలే, కానీ నాలుగుసార్లు మొదటి నుంచీ తిరగరాశాను. ఎక్కడెక్కడ దారి తప్పానో చెబితే ఇలాంటివి రాద్దామనుకునేవాళ్ళకి పనికొస్తుందేమోనని ఇది.

కథ ఫిల్లిస్ వీట్లీది. 1773లో లండన్‌లో కవితల పుస్తకం అచ్చయిన ఆవిడే. కానీ నాకు కావాల్సింది కవయిత్రి కాదు, 1761 జులై 11న అమెరికాలోని బోస్టన్‌లో ఓడ దిగిన పిల్ల. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసగా అమ్మడానికి పట్టుకొచ్చారు. ముందు పళ్ళు ఊడుతున్నాయి కాబట్టి ఏడేళ్ళుంటాయని లెక్కేశారు. ఒంటి మీద మురికి కార్పెట్ ముక్క తప్ప ఏమీ లేదట. సరిగ్గా అప్పుడే మా చిన్నదానికీ పై పళ్ళు రెండూ ఊడాయి, 'స' అంటే గాలి పోయేది, ఊడిన పన్ను ఇంటి కప్పు మీదకి విసిరి గంతులేసింది. అక్కడ పట్టుకుంది నన్ను ఈ కథ.

మొదటిసారి అంకెలతో మొదలుపెట్టాను. మూడున్నర శతాబ్దాల్లో ఆఫ్రికా నుంచి సుమారు 1 కోటి 25 లక్షల మందిని బానిసలుగా ఓడలెక్కించారు, సముద్రం దాటి బతికింది 1 కోటి 7 లక్షల మంది, అలా. మా అక్క చదివి "ఇది కథా, జనరల్ నాలెడ్జా?" అంది. కొట్టేశాను.

రెండోసారి పిల్ల నోటితోనే చెప్పించబోయి పేరు దగ్గర ఆగిపోయాను. ఫిల్లిస్ అనేది ఆ పిల్లని తెచ్చిన ఓడ పేరు. వీట్లీ కొన్నవాళ్ళ ఇంటిపేరు. కన్నతల్లి ఏమని పిలిచేదో ఎక్కడా లేదు. "బంగారం" అని పిలిపిస్తే అచ్చం మా అమ్మలా ఉంది. చివరికి తల్లి పిలవదు, వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యేస్తుంది.

అసలు దెబ్బ మూడోసారి తిన్నాను. రోజూ పొద్దు పొడిచేటప్పుడు అమ్మ సూర్యుడి ఎదుట నీళ్ళు ఒలకబోసేదని, ఊరి గురించి ఆ పిల్లకి గుర్తున్నది అదొక్కటేనని అంటారు. అది కూడా ఆవిడ పోయిన 50 ఏళ్ళకి, 1834లో, ఆ యజమానుల బంధువు రాసిన మాట. నేను దాన్ని "అర్ఘ్యం" అని రాసేశాను. చెయ్యి దానంతటదే రాసింది! ఆ ఒక్క మాటతో రాగి చెంబు, తడి చీర, దోసిలి అన్నీ వరసగా వచ్చేశాయి, నేను మురిసిపోయాను కూడా. రెండ్రోజులాగి చదివితే పిల్ల ఎక్కడా లేదు, గోదావరి గట్టున మా అమ్మమ్మ నిలబడి ఉంది. మొత్తం తీసేసి, ఆ పిల్ల ఎత్తుకి కనిపించేదే ఉంచాను: అమ్మ మడమలు, తడిసి నల్లబడిన మట్టి.

ఇక ఓడ. కొరడాలు, గొలుసులు, రక్తం నాలుగు పేజీలు రాశాక, ఇదంతా చదివేవాళ్ళని ఏడిపించడానికే రాస్తున్నానని నాకే తెలిసిపోయింది. ఇప్పుడున్నది ఒక పేజీ. చీకట్లో కదులుతున్న పన్నుని నాలుకతో నెడుతూ ఉంటుంది, ఊడాక ఎక్కడ పెట్టాలో తెలియక గుప్పిట్లోనే ఉంచుకుంటుంది.

ఫిల్లిస్ అని ఎవరూ పిలవకముందే, రేవులోనే ఆపేశాను. తర్వాత కవితలు రాస్తుందని ఒక్క ముక్కయినా చెప్పాల్సిందని మా అక్క ఇప్పటికీ దెప్పుతోంది.