ఒక అంగ కన్నా రెండు అంగలే నయం

మూడు రోజుల బహిరంగ సభకు వైఫై ఏర్పాటు చేసే పని మా బృందానికి వచ్చింది. మైదానమంతా కేబుల్ పరిచే వీలు లేదు. స్తంభాలకు రేడియోలు బిగించి, ఒకదాని నుంచి మరొకటి డేటా అందుకుంటూ గేట్‌వేకు (ఇంటర్నెట్‌కు కలిపే పెట్టెకు) చేర్చేలా మెష్ వేశాం. రూటింగ్, అంటే డేటా ఏ దారిన వెళ్లాలో నిర్ణయించే బాధ్యత నాది. ఒక రేడియో నుంచి మరోదానికి వేసే అంగను హాప్ అంటాం. తక్కువ హాప్‌లున్న దారినే ఎంచుకునేలా అమర్చాను. ఖాళీ మైదానంలో అది చక్కగా పనిచేసింది.

జనం నిండిన గంటకే ఫిర్యాదులు మొదలయ్యాయి. స్తంభాలు పొట్టివి, మనిషి ఒంట్లోని నీరు రేడియో తరంగాలను పీల్చేస్తుంది. పైగా వేల ఫోన్ల రొద. చివరి స్తంభం కింద ల్యాప్‌టాప్‌తో కూర్చుని లెక్క తీశాను. గేట్‌వేకు నేరుగా, అంటే ఒకే అంగలో పంపిన ప్యాకెట్లలో (డేటా ముక్కల్లో) 60 శాతమే చేరుతున్నాయి. అందినట్టు తెలిపే జవాబుల్లో సగమే వెనక్కి వస్తున్నాయి. 0.6ను 0.5తో గుణిస్తే 0.3. అంటే ఒక్కో ప్యాకెట్‌ను సగటున 3.3 సార్లు పంపాలి! మధ్య స్తంభం మీదుగా వెళితే ఒక్కో అంగలో రెండు వైపులా 90 శాతం అందుతున్నాయి. అంగకు 1.23 చొప్పున రెండింటికీ కలిపి 2.5 సార్లు కూడా అక్కర్లేదు. ఈ కొలతకు ఈటీఎక్స్ అని పేరు. దాని మీద పరిశోధన పత్రం 2003లోనే వచ్చింది. నేను మొదటే వాడవలసింది.

ఆ రాత్రే దారి ఎంపికను ఈటీఎక్స్‌కు మార్చాను. మర్నాడు ఇంకో చిక్కు. బాగున్న దారి మీదికి స్తంభాల మీది రూటర్లన్నీ ఒక్కసారిగా ఎగబడేవి. అది కిక్కిరిసి ఈటీఎక్స్ పెరిగిపోగానే అన్నీ కలిసి మరో దారికి దూకేవి. కొత్త దారి కనీసం 20 శాతం మెరుగైతేనే మారాలని షరతు పెట్టాక ఆ ఊగిసలాట తగ్గింది.

అయినా మైదానం అవతలి కొస నెమ్మదిగానే ఉంది. ఒకే ఛానల్‌లో ఒక రేడియో ఒకేసారి వింటూ పలుకుతూ ఉండలేదు. అందుకే ప్రతి హాప్ అదే ఛానల్ సమయాన్ని మళ్లీ తింటుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్‌లో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. వాటిని ఫోన్లకు వదిలి, స్తంభాల మధ్య రాకపోకలను 5 గిగాహెర్ట్‌జ్‌కు మార్చాం. నిర్వాహకులను బతిమాలి అవతలి కొసకు ఒక్క కేబుల్ లాగించి, రెండో గేట్‌వే పెట్టాం.

మూడో రోజు ఉదయం మళ్లీ అదే స్తంభం కింద కూర్చున్నాను. ఏ స్తంభం నుంచీ గేట్‌వే రెండు అంగలు దాటలేదు. మధ్యాహ్నం దాకా ఒక్క ఫిర్యాదూ రాలేదు.