నాట్లకి బెంగాలోళ్ళు వచ్చాక మా ఊళ్ళో కూలి సంగతి

సంక్రాంతికి ఊరికి పోతే నాట్లు జరగతా ఉన్నాయి, మాది కోవూరు పక్కన లెండి. చేలో చూస్తే అందరూ మగోళ్ళే. బెంగాల్ ముఠా అంట. మా సైడు నాట్లంటే ఆడోళ్ళ పని, అట్టాంటిది వీళ్ళు గట్టు మీద ఫోన్‌లో పాటలు పెట్టుకోని, నారు కట్ట ఎడం చేత్తో పట్టి కుడి చేత్తో టకటకా గుచ్చుకుంటా వెనక్కి పోతా ఉన్నారు. వంటా పడకా మోటరు షెడ్డులోనే.

మా వీధిలో ఒక అక్క ఉంది, ముప్పై ఏళ్ళుగా నాట్ల ముఠాకి ఆమే పెద్ద. "ఈళ్ళొచ్చి మా కూలి మీద కొట్టారబ్బయా" అనింది. నిజమే, ఒకప్పుడు కాలవకి నీళ్ళొదిలి నారు ముదిరిపోతా ఉంటే ఆమె చెప్పిందే రేటు. ఇప్పుడు నాయన మేస్త్రీకి ఫోన్ కొట్టి ఎకరాకి ఇంతని గుత్తకి మాట్లాడేస్తాడు.

నేను ఎకనామిక్స్ చదివినోడిని, నోరు ఊరుకోదు గదా, మియామీ కథ ఎత్తుకున్నా. 1980లో క్యూబా నుంచి లక్షా పాతిక వేల మంది పడవల్లో అమెరికా వచ్చారు, దాంతో మియామీలో పనిచేసేవాళ్ళు కొద్ది నెలల్లోనే 7 శాతం దాకా పెరిగారు, అయినా అక్కడ ముందునించి ఉన్నోళ్ళ కూలి పెద్దగా పడలేదని డేవిడ్ కార్డ్ అనే ఎకనామిస్టు 1990లో రాశాడు, ఆయనకి 2021లో నోబెల్ కూడా వచ్చింది. "ఆడ నాట్లేసేవోళ్ళు ఉండారా?" అంది అక్క. నిజానికి గట్టి ప్రశ్నే. చిన్నప్పుడే క్యూబా నుంచి వచ్చిన బోర్జాస్ అనే ఇంకో ఎకనామిస్టు, స్కూలు చదువు పూర్తికానోళ్ళ లెక్క విడిగా తీస్తే వాళ్ళ కూలి బాగా పడిందన్నాడు. ఆ గొడవ ఇంకా తేలలా. సగటు లెక్కలో ఈ అక్క లాంటోళ్ళు కనపడరు, అక్కడే నాకు డౌటు.

కాకపోతే బెంగాలోళ్ళు రాకపోతే అక్కకి రేటు పెరిగేదా అంటే అదీ నమ్మను. 1964 చివర్లో అమెరికా, మెక్సికో కూలీలని తెచ్చుకునే బ్రాసెరో స్కీము ఆపేస్తే కాలిఫోర్నియా టమాటా రైతులు కూలి పెంచే బదులు కోత మిషన్లు దించారు. అయినా అక్క ముఠాలో ఇరవై మంది ఉండేది, ఇప్పుడు ఏడుగురు, వాళ్ళూ యాభై దాటినోళ్ళే. వయసు పిల్లలు పొద్దున్నే రొయ్యల కంపెనీ బస్సెక్కుతున్నారు, నీడ పట్టున పని, నెల తిరిగేసరికి జీతం. అక్క కొడుకు కువైట్‌లో డ్రైవరు. వాళ్ళు పోయిన ఖాళీలోకే గదా ఈ ముఠా వచ్చింది, ఈ మాట మాత్రం అక్కతో అనలేదు, పండగ పూట ఎందుకులే అని.

సాయంత్రం నాయన, వచ్చే ఏడు నాట్లే వద్దు, విత్తనాలు ఎదజల్లేస్తానన్నాడు. అక్క నవ్వింది, "ఎదజల్లితే కలుపు మోకాలెత్తు లేస్తది, అప్పుడు మమ్మల్నే పిలవాల". నాయన ఏం మాట్లాడలా. కలుపు మందు డబ్బాలు అప్పటికే వసారాలో ఉన్నాయి.