మిద్దె తోట: మట్టికన్నా ముందు నీళ్లు

చెన్నైలో అక్టోబరు వానలు దిగకముందే మిద్దె తోట వేయాలనుకుంటే ముందు బరువు లెక్క చూడండి. మనుషులు తిరిగే మిద్దెకు ఐఎస్ 875 (కట్టడాలు మోయాల్సిన బరువులకు భారత ప్రమాణం) ప్రకారం లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల లాంటి మారే బరువు) చదరపు మీటరుకు 150 కిలోలే. పది సెంటీమీటర్ల మందాన తోటమట్టి తడిస్తే అదొక్కటే 180 దాకా తూగుతుంది. కోకోపీట్ (కొబ్బరి పొట్టు), కంపోస్టు కలిపి తేలిక చేయండి, స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి.

వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక గొట్టాలు మూసి రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టండి. కింద చెమ్మ కనిపిస్తే అక్కడే ఆగాలి. మట్టి పోశాక లీకు వెతకడమంటే తోటంతా తవ్వుకోవడమే, అంత బాధ ఇంకోటి లేదు! పిట్టగోడ మూలల్లో మెంబ్రేన్ (నీరు దిగకుండా పరిచే తారుషీటు లాంటి పొర) మట్టికంటే 15 సెంటీమీటర్లు పైకెక్కాలి. తారుషీటును వేళ్లు చీలుస్తాయి, రూట్ బారియర్ (వేళ్లను ఆపే పొర) మానొద్దు. ఆపైన డ్రెయిన్ సెల్ (నీరు జారిపోయే ప్లాస్టిక్ పలక), జియోటెక్స్‌టైల్ (మట్టిని ఆపి నీటిని వదిలే గుడ్డ), చివర మట్టి. నీరు పోయే తూము చుట్టూ అడుగు మేర గులకరాళ్లే. రావి మొలక కనిపిస్తే ఆ రోజే పీకేయండి.