రైతుకు నెల, నీటికి మూడు రోజులు

మాది అనంతపురం జిల్లా, కల్యాణదుర్గం దగ్గర పల్లె. ఇలాగే బోర్లు వేసుకుంటూ పోతే పదేళ్లకు ఎవరి చేనులో నీళ్లు మిగులుతాయి? ఈ ప్రశ్నకు కంప్యూటర్లో మోడల్ కట్టడమే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు.

మొదట ఊరి కింద నీళ్లన్నిటినీ ఒకే తొట్టి అనుకున్నాను. వాన ఇంకితే నిండుతుంది, మోటార్లు తోడితే తగ్గుతుంది. ఈ పద్ధతిని సిస్టమ్ డైనమిక్స్ అంటారు. కానీ అందులో మనుషులు లేరు. బోరు ఎండగానే అప్పు తెచ్చి ఇంకోటి వేసేవాళ్లు, మోటారు అమ్మేసి బెంగళూరు పోయేవాళ్లు ఒకే సగటులో ఇమడరు. అందుకే ఒక్కో రైతునూ విడిగా, తన నిర్ణయం తానే తీసుకునే ఏజెంటుగా రాశాను. రెండూ ఒకచోట నడిపే వీలుందని నెట్‌లోగో అనే సాఫ్ట్‌వేర్ తీసుకున్నాను, అది ఉచితం కూడా. తోడేళ్లు గొర్రెలను తింటుంటే రెండింటి సంఖ్యా ఎలా మారుతుందనే లెక్కను రెండు పద్ధతుల్లోనూ పక్కపక్కనే నడిపే ఉదాహరణ దాని లైబ్రరీలోనే ఉంది.

కలిపి నడిపితే మూడేళ్లలో ఇంటికి నాలుగేసి బోర్లు పడ్డాయి, నీటిమట్టం మాత్రం దాదాపు కదల్లేదు. టెన్షన్‌తో వారం రోజులు వాన అంకెలే తిరగేశాను. తప్పు అక్కడ లేదు, కాలంలో ఉంది. నీటి భాగానికి డీటీ, అంటే ఒక్కో అడుగులో గడిచే కాలం, 0.1 నెల ఇచ్చాను. రైతులకు టిక్కుకు, అంటే మోడల్ గడియారం ఒకసారి కదిలితే, ఒక నెల. ఒక్కో చుట్టులో రైతుకు నెల గడిస్తే నీటికి మూడు రోజులే గడుస్తున్నాయి! పైగా నీటి భాగం తనంతట తానే గడియారాన్ని 0.1 జరుపుతుంది. నేను విడిగా టిక్ రాయడంతో చుట్టుకు 1.1 అవుతోంది. నా టిక్ తీసేసి, నీరు పదిసార్లు నడిచాకే రైతు ఒకసారి నిర్ణయం తీసుకునేలా మార్చాను.

యూనిట్లూ ఏడిపించాయి. హెక్టారుపై 1 మిల్లీమీటరు నీళ్లంటే 10 ఘనమీటర్లు. మా రాతినేలలో నీళ్లు నిలిచే సందు తక్కువ కాబట్టి 2 శాతం తీసుకున్నాను. అంటే 10 మిల్లీమీటర్లు ఇంకితే మట్టం అర మీటరు లేస్తుంది.

పండక్కి ఊరెళ్లి నాయనకు చూపించాను. కాసేపు చూసి, "అందరి బోర్లూ ఒకేతూరి ఎట్ల తగ్గుతాయి మా? పక్క చేన్లో బోరు పడినాకే కదా మనది ఎండింది" అన్నాడు.

నిజమే. గ్రానైటు పగుళ్లలో ఉండే నీళ్లు ఒక తొట్టి ఎలా అవుతాయి? నెట్‌లోగోలో నేల చిన్న చిన్న గడులుగా ఉంటుంది, కానీ సిస్టమ్ డైనమిక్స్ బొమ్మలో గీసుకునే తొట్టి ఊరంతటికీ ఒక్కటే, గడి గడికీ వేరుగా రాదు. ఆ బొమ్మ తీసేసి ప్రతి గడికీ దాని నీటి నిల్వ రాశాను, డిఫ్యూజ్ ఆదేశంతో పక్క గడులకు జారేలా పెట్టాను. నెలాఖరున నిల్వలన్నీ కూడి, ఇంకినదానితో, తోడినదానితో సరిచూస్తాను. తేడా వస్తే మోడల్ ఆగిపోతుంది. ఈ ఒక్క వరుస కోడ్ ముందే రాసుకోవాల్సింది.

ఇప్పుడు పక్క బోరు పడితే మా బోరు తగ్గుతోంది. అయితే డిఫ్యూజ్ నీటిని అన్ని వైపులకూ సమానంగా పంచుతుంది, రాతి పగులు అలా పంచదు. ఎవరు బోరు వేస్తే ఎవరిది తగ్గిందో, ఈసారి నాయన చేత ఊరి పటం మీద గీతలు గీయించుకోవాలి.