కార్తీకం నుంచి పుష్యం దాకా: కంబాలకొండ, అనంతగిరి అడవి ఫొటోల పని ఎంతవరకు వచ్చింది

విశాఖ చుట్టుపక్కల అడవుల్లో చలికాలం ఆకుల రంగులో కంటే ముందుగా వెలుతురులో తెలుస్తుంది. కంబాలకొండలో చాలా చెట్లు ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయి కనుక, పండిన ఆకుల కోసం వెదకడం మాని, ఈ ఏడు వెలుతురు మారే తీరునే ఫొటోల్లో పట్టాలనుకున్నాను.

కార్తీకంలో ఈశాన్య రుతుపవనాల వానలు పూర్తిగా వెనక్కి తగ్గవు. తడిసిన ఆకుల మెరుపు ఫొటోలో తెల్లని మచ్చలుగా పడి పచ్చదనాన్ని మింగేస్తుంది. లెన్సు ముందు బిగించే సర్క్యులర్ పోలరైజర్ అనే ఫిల్టరును మెల్లగా తిప్పుతూ పోతే ఆ మెరుపు చాలావరకు తగ్గుతుంది. అయితే అది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురును (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది) తినేస్తుంది కాబట్టి ట్రైపాడ్ తప్పదు. గాలి లేనప్పుడు ఎఫ్ 8 (లెన్సు రంధ్రం కొలత), ఐఎస్‌ఓ 400 (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) సరిపోతున్నాయి. కొమ్మలు ఊగుతుంటే ఐఎస్‌ఓ 1600 దాకా వెళ్లడానికి నేను వెనుకాడను, ఎందుకంటే ఐఎస్‌ఓ పెంచితే ఫొటోలో వచ్చే గరుకుదనాన్ని తర్వాత తగ్గించవచ్చు గాని చెదిరిన ఆకును సరిదిద్దలేము. ఆ నెల ఆదివారాల్లో వనభోజనాల సందడిలో ట్రైపాడ్ కాళ్లు చాపే చోటు దొరకదు, పనిరోజులే మేలు.

మార్గశిరంలో అరకు దారిలోని అనంతగిరి కొండలకు వెళ్లాను. సిల్వర్ ఓక్ నీడన పెరిగే కాఫీ తోటలను అచ్చమైన అడవి అనలేము గాని, పొగమంచు పట్టినప్పుడు అక్కడి నిలువు కాండాలు ఒకదాని వెనుక ఒకటి పలచబడుతూ పోవడం 70–200 మి.మీ. టెలిఫొటో లెన్సులో చక్కగా కుదురుతుంది. వెలుతురును కొలిచే కెమెరా మీటరు తెల్లని మంచును బూడిదరంగుకు లాగుతుంది కనుక ఎక్స్‌పోజరును ఒక స్టాపు పెంచాను. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్సును ఆటోలో వదలక డేలైట్‌లో ఉంచడం వల్ల తెల్లవారుజాము నీలిఛాయ నిలిచింది. నాకు బాగా నచ్చిన ఫొటో మాత్రం నేలకు దగ్గరగా తీసినది: ఎర్రబడిన కాఫీ పండ్ల గుత్తి మీద వెల్లకిలా పడిన సిల్వర్ ఓక్ ఆకు, దాని వెండి అడుగుభాగం, చీలికల అంచున వరుసగా మంచు బిందువులు.

పుష్యంలో మళ్లీ కంబాలకొండ. నవంబరు మొదట్లో ఆరు గంటలకు కాస్త ముందే ఉదయించే సూర్యుడు డిసెంబరు చివరికి దాదాపు 6.25కు గాని రాడు. మిట్టమధ్యాహ్నం కూడా సుమారు 49 డిగ్రీల ఎత్తుకు మించడు. అందువల్ల ఏటవాలు ఎండ ఎక్కువసేపు దొరుకుతుంది. ఎండిన గడ్డిని ఎదురు వెలుతురులో తీసేటప్పుడు ఎక్స్‌పోజరును మూడింట రెండు వంతుల స్టాపు తగ్గిస్తే వెన్నుల అంచులు తెల్లబడిపోవు.

ఘాట్ దిగి ఊరికి వచ్చాక సంచిని వెంటనే తెరవకూడదు. చలికి చల్లబడిన లెన్సుకు సముద్రతీరపు తేమ తగిలితే ఆవిరి పట్టి, క్రమంగా బూజుకు దారితీస్తుంది. గంటసేపు జిప్పు తీయకుండా ఉంచి, ఆపై సిలికా జెల్ ఉన్న మూత గట్టి డబ్బాలో పెడుతున్నాను. ఆకు రాల్చిన బూరుగ కొమ్మలకు మొగ్గ తొడగగానే తరువాతి విడత మొదలుపెడతాను.